పని వచ్చు, పేరే కుదరదు: ఒడిశా సరిహద్దు జైళ్ల నుంచి పనిలోకి వెళ్లే దారి

జైలు నుంచి వచ్చిన మనిషిని లోపల ఏం నేర్పారని అందరూ అడుగుతారు. ఏ పేరుతో నేర్పారు, ఏ లిపిలో నేర్పారు, ఆ సర్టిఫికెట్టు ఏ ఊళ్లో చెల్లుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు తెలుగు కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. మగ్గమో కుట్టుమెషినో వెల్డింగో నేర్చుకున్న మనిషి ఇంట్లో ఖాళీగా కూర్చుంటున్నాడంటే చాలాసార్లు పని రాక కాదు. సర్టిఫికెట్టు మీద పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాత సిమ్ పోయి ఓటీపీ రాదు. కోర్టు వాయిదా బరంపురంలో, దొరికిన పని సూరత్‌లో. నేర్పే పని ఎంత బాగా సాగినా ఈ మూడూ సర్దకపోతే ఆ నేర్పు అన్నం పెట్టదు. అందుకే ఈ వ్యాసంలో కోర్సుల కంటే కాగితాల గురించి, భాష గురించి ఎక్కువ ఉంటుంది.

లోపల ఉన్నది ఎవరు

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. జైలు చదువు పథకాలు మాత్రం ఎక్కువగా శిక్ష పడ్డవాళ్లను మనసులో పెట్టుకుని తయారైనవి: ఆరు నెలల కోర్సు, ఏడాది కోర్సు, చివర ఒక పరీక్ష. విచారణ ఖైదీకి తాను ఎప్పుడు వెళ్తాడో తెలియదు. బెయిల్ రేపు రావచ్చు, రెండేళ్లు రాకపోవచ్చు. శిక్ష పడనివాణ్ణి పని చేయమని బలవంతపెట్టడానికీ లేదు, తనంతట తాను ముందుకొస్తేనే.

దక్షిణ ఒడిశాలో సర్కిల్ జైళ్లు బరంపురంలో, కోరాపుట్‌లో ఉన్నాయి. పని షెడ్లు, యంత్రాలు, నేర్పేవాళ్లు దొరికేది అలాంటి పెద్ద జైళ్లలోనే. చిన్న పట్టణాల సబ్‌జైళ్లలో ఉండేది ఎక్కువగా విచారణ ఖైదీలే. అక్కడ ఒక గది, ఒక నల్లబల్ల ఉంటే గొప్ప. ఆ ఒక్క గదిలో ఆరు నెలల కోర్సు మొదలుపెడితే జనవరిలో చేరిన ఇరవై మందిలో జూన్‌కి ఎంతమంది మిగులుతారో చెప్పలేం. కాబట్టి సబ్‌జైల్లో పాఠాలు పది, పదిహేను రోజుల ముక్కలుగా ఉండాలి, ఏ ముక్కకా ముక్క సంపూర్ణంగా ఉండాలి. సంతకం పెట్టడం, ఫారం నింపడం ఒక ముక్క. టేపు చదవడం, చదరపు అడుగులు లెక్కగట్టడం ఇంకొకటి. బ్యాంకు, ఫోను, ఓటీపీ మోసాలు మరొకటి. మధ్యలో బెయిల్ వచ్చి వెళ్లిపోయినా అప్పటిదాకా నేర్చుకున్నది చేతిలో ఉంటుంది.

క్లాసును పాడుచేసే వాటిలో మొదటిది కోర్టు వాయిదా. వాయిదా ఉన్నవాళ్లు పొద్దున వెళ్తే లాకప్ వేళకే తిరిగొస్తారు. ప్రతి పాఠాన్నీ రెండు వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చెప్పడం తప్ప దీనికి విరుగుడు లేదు. రెండోది బదిలీ. మనిషిని ఒక జైలు నుంచి ఇంకో జైలుకి పంపినప్పుడు అతని వారెంటు వెళ్తుంది, ఆస్పత్రి చీటీ వెళ్తుంది, చదువు ఫైలు మాత్రం పాత జైలు బీరువాలో ఉండిపోతుంది. నమోదు సంఖ్య, హాల్‌టికెట్టు, మార్కుల జిరాక్సు ఒక సెట్టు ఖైదీ దగ్గర, ఒక సెట్టు ఇంటిదగ్గర ఉంచడం అలవాటు చేయాలి.

విడుదల ఎప్పుడో ఊహించలేమని చేతులెత్తేయనక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ఒక కొలబద్ద ఇస్తుంది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం లోపల గడిపితే వాళ్లను విడుదల చేయాలని కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తుంటే కూడా వర్తించదు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు, కాబట్టి మొదటిసారి వచ్చినవాడికి ఏడాది. ఇంట్లో దూరి చేసినదైతే గరిష్ఠం 7 ఏళ్లు, మూడో వంతు అంటే 2 ఏళ్ల 4 నెలలు. జైల్లో చేరిన వారంలోనే ఈ తేదీ లెక్కగట్టి రిజిస్టర్లో రాసుకుంటే అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఏ పాఠం ఎప్పుడో నిర్ణయించవచ్చు.

ఒకే మనిషి, నాలుగు పేర్లు

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా రికార్డుల్లో ఇంటిపేరు చివర వస్తుంది. ఈ చిన్న తేడా వల్ల ఒక తెలుగు మనిషి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతోనూ, బడి సర్టిఫికెట్టులో పూర్తి ఇంటిపేరుతోనూ, ఎఫ్‌ఐఆర్‌లో ‘రావు’నే ఇంటిపేరు చేసేసిన రూపంలోనూ కనిపిస్తాడు. ఊళ్లో పిలిచే పేరు ‘అలియాస్’ కింద చేరుతుంది. వారెంటులో పడిన పేరే జైలు రిజిస్టర్లోకి, అక్కణ్ణుంచి శిక్షణ సర్టిఫికెట్టులోకి ఎక్కుతుంది. బయటికొచ్చాక పథకం పోర్టల్లో ఆధార్ కొడితే పేరు కలవదు. అక్కడితో ఆగిపోతుంది.

వారెంటు మీద పేరు మార్చడం జైలు చేతిలో లేదు, కోర్టు మార్చాలి. కోర్సు నమోదు మాత్రం వారెంటు కాదు. కోర్సు ఫారం నింపేరోజున ఆధార్ జిరాక్సు చేతిలో ఉంటే ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయించవచ్చు. వారెంటులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకే మనిషివని సూపరింటెండెంటు సంతకంతో ఒక చీటీ ఫైల్లో పెట్టించాలి. కాబట్టి మొదటి ములాఖత్‌కి వచ్చే ఇంటివాళ్లు పళ్లు, బిస్కెట్లతో పాటు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, బడి సర్టిఫికెట్టు జిరాక్సులు తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు అడగాలి.

ఆధార్ అసలే లేనివాళ్లు కొండ గ్రామాల్లో ఇంకా ఉన్నారు. జైళ్ల కంప్యూటర్ రికార్డు అయిన ఈ-ప్రిజన్స్ నుంచి తీసి జైలు అధికారి సంతకం, ముద్ర వేసిన ప్రవేశ పత్రాన్ని ఆధార్ నమోదుకి, మార్పులకి ఒప్పుకుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త. చిరునామా గడిలో ఇంటి చిరునామానే పడాలి. జైలు పేరు ఒకసారి ఆధార్ మీద పడితే అద్దెగది అడిగిన ప్రతి ఇంటి యజమానికీ అది కనిపిస్తుంది. శిక్షణ సర్టిఫికెట్టు విషయంలోనూ ఇదే పట్టుబట్టాలి. నేర్పిన సంస్థ పేరు, కోర్సు పేరు, స్థాయి ఉంటే చాలు. కేంద్రం పేరు దగ్గర జైలు పేరు అచ్చయిన సర్టిఫికెట్టును యజమానికి చూపించడానికి మనిషి వెనకాడతాడు, ఇంట్లో పెట్టెలో దాచేస్తాడు.

ఫోను నెంబరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేది అదే. నెలల తరబడి వాడని సిమ్‌ని కంపెనీ మూసేసి ఆ నెంబరు ఇంకొకరికి ఇస్తుంది. ఆధార్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ ఆ ఇంకొకరికి వెళ్తుంటాయి. వీలైతే ఇంటివాళ్లు ఆ సిమ్‌ని రీచార్జి చేస్తూ బతికించుకోవాలి. లేదంటే విడుదలయ్యాక మొదటి పని కొత్త సిమ్, రెండో పని ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్రతో ఆ నెంబరు కలపడం. బ్యాంకు ఖాతా రెండేళ్లు లావాదేవీ లేకపోతే నిద్రాణమైపోతుంది. మళ్లీ కేవైసీ ఇచ్చి తెరిపించుకోవాలి. జైలు కూలి డబ్బు ఆ ఖాతాలోనే పడేట్టు చేస్తే ఈ బెడద ఉండదు.

అక్షరం ఏ లిపిలో

రాయగడ పట్టణంలో పుట్టిన తెలుగువాడు ఒడియా గడగడా మాట్లాడతాడు, చదవలేడు. ఇచ్ఛాపురం, మందస, టెక్కలి వైపు నుంచి వచ్చి బరంపురంలోనో పర్లాకిమిడిలోనో కేసులో పడ్డవాడికి తెలుగు కూడబలుక్కుని చదవడం వస్తుంది, ఒడియా అసలు రాదు. మల్కనగిరి అడవి పల్లె నుంచి వచ్చినవాడికి ఇంటిభాష కోయ. గజపతి కొండల మీది నుంచి వచ్చినవాడికి సవర. ఈ నలుగురినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే వాచకం ఇస్తే ముగ్గురికి ఆ గంట వృథా.

మా అభిప్రాయం ఇది: మొదట ఏ లిపి అన్నది ఇంటిభాష కాకుండా, విడుదలయ్యాక బతకబోయే ఊరు తేల్చాలి. రాయగడలోనే ఉండబోయేవాడికి ముందు ఒడియా కావాలి. బస్సు బోర్డు, రేషన్ దుకాణం పలక, తహసీల్ ఫారం అన్నీ అందులోనే ఉంటాయి. నౌపడా మీదుగా శ్రీకాకుళం జిల్లాకి వెళ్లిపోయేవాడికి తెలుగు చాలు. రెండు లిపులూ ఒకేసారి మొదలుపెడితే పెద్దవాళ్లు తడబడతారు. ఒడియా ఠకారం అచ్చం మన సున్నాలా ఉంటుంది, సున్నా కూడా గుండ్రమే. ఫారంలో అంకెలు తప్పడానికి ఇదొక కారణం. ఒక లిపిలో పేరు, చిరునామా, ఒక పేరా చదవడం కుదిరాకే రెండోది.

అక్షరాస్యతకి ఉల్లాస్ కార్యక్రమం ఉంది. 15 ఏళ్లు దాటిన ఎవరైనా చేరవచ్చు. చివర చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కటి 50 మార్కుల చొప్పున 150 మార్కుల పరీక్ష. లోపల ఉన్న చదువుకున్న ఖైదీలే స్వచ్ఛందంగా నేర్పవచ్చు. అసలు బాగా సాగే క్లాసులు అవే, ఎందుకంటే సాయంత్రం లాకప్ తర్వాత బ్యారక్‌లో కూడా గురువు పక్కనే ఉంటాడు.

ఆ పైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అందరూ ఎన్‌ఐఓఎస్ అనేది. అందులో పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, గరిష్ఠ వయసు లేదు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి రాయవచ్చు. ఒడిశా జైల్లో ఉన్నా ఒడియాలోనే రాయాలన్న నియమం లేదు. ఈ సంగతి తెలియక ఎందరో వదిలేస్తున్నారు. ఐదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒక భాష. పాస్‌కి 33 శాతం. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలోనూ అక్టోబరు-నవంబరులోనూ పరీక్షలు. మొత్తం 9 అవకాశాలు. ఒకేసారి ఐదూ రాయనక్కర్లేదు, పాసైన సబ్జెక్టు ఖాతాలో నిలిచి ఉంటుంది. పూర్వం గుర్తింపు ఉన్న బోర్డులో పది తప్పినవాళ్లు అప్పట్లో పాసైన సబ్జెక్టుల్లో రెండింటిదాకా బదిలీ చేయించుకోవచ్చు. అంటే కొందరికి మిగిలేది మూడే.

సబ్జెక్టుల ఎంపికలో జరిగే తప్పు డేటా ఎంట్రీ లాంటివి తీసుకోవడం. వినడానికి ఉద్యోగం వచ్చేలా ఉంటుంది గానీ ప్రాక్టికల్‌కి కంప్యూటర్ కావాలి, సబ్‌జైల్లో అది ఎక్కడుంటుంది? తెలుగు, సాంఘికశాస్త్రం, గృహవిజ్ఞానం లాంటివి పుస్తకంతో గట్టెక్కుతాయి. ఇంకొకటి: ఇంటిదగ్గర రాసి ఇవ్వాల్సిన అసైన్‌మెంటుకు 20 శాతం బరువుంది. పరీక్షకే చదివి అసైన్‌మెంటు వదిలేసినవాళ్లు ఐదారు మార్కుల తేడాతో పోతారు. అసైన్‌మెంటు గడువు తేదీని గోడమీద పరీక్ష తేదీకంటే పెద్దక్షరాలతో రాయాలి.

డిగ్రీకి ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉంది. ఖైదీలకు ఫీజు మినహాయింపు ఇస్తుంది. జూన్‌లోనూ డిసెంబరులోనూ పరీక్షలు. కోరాపుట్‌లో దానికి ప్రాంతీయ కేంద్రం ఉంది. నాలుగైదేళ్ల పైన శిక్ష మిగిలి ఉన్నవాళ్లకి ఇది తగినది. ఏడాదిలో వెళ్లిపోయేవాణ్ణి డిగ్రీలో చేర్పించి రిపోర్టులో సంఖ్య పెంచుకోవడం వల్ల అతనికి ఒరిగేది లేదు.

చదువుకి చాలా రాష్ట్రాల్లో శిక్ష తగ్గింపు, అంటే రెమిషన్, ఇచ్చే నియమాలున్నాయి. ఈ జిల్లాల్లో గంజాయి కేసులవాళ్లకి ఒక చేదు నిజం ముందే చెప్పాలి. మాదకద్రవ్యాల చట్టం 32ఏ సెక్షన్ ఆ శిక్షల్లో రెమిషన్‌కి అడ్డుపడుతుంది. వాణిజ్య పరిమాణం, గంజాయికైతే 20 కిలోలు, దాటితే కనీస శిక్ష 10 ఏళ్లు. మూట మోసి పట్టుబడ్డ కొండ కుర్రాడికి ‘పది పాసైతే శిక్ష తగ్గుతుంది’ అని ఆశ చూపిస్తే, తగ్గలేదని తెలిసిన రోజున పుస్తకం మూసేస్తాడు. పదేళ్ల సమయం ఉన్న మనిషి ఇంటర్ దాకా, నిజమైన చేతిపని దాకా వెళ్లగలడు. ఆ మాటే సూటిగా చెప్పాలి.

ఏ పని నేర్పాలి

జైలు దర్జీ షెడ్డులో పని వరుసగా సాగుతుంది. ఒకడు కాలరు, ఒకడు జేబు, ఒకడు గుండీ కాజాలు. రెండేళ్లు కాలర్లే కుట్టినవాడికీ ‘టైలర్’ అని సర్టిఫికెట్టు వస్తుంది. పల్లెలో కాలరు ఒక్కటీ కుట్టించుకోవడానికి ఎవరూ రారు. అక్కడ నడిచేది లైనింగ్ బ్లౌజు, పంజాబీ డ్రెస్సు, పాత బట్టల బాగు. కటింగ్ రానివాడు దర్జీ కాడు. కనీసం చివరి మూడు నెలలు కొలత తీసుకోవడం నుంచి గుండీ దాకా ఒక్కడే చేసేలా పని మార్చాలి. పట్నంలో గార్మెంటు కంపెనీకి వెళ్లాలనుకునేవాడికి ఇంకో సమస్య. కాలితొక్కుడు మెషిను మీద నేర్చుకున్న చెయ్యి మోటారు మెషిను వేగానికి బెదురుతుంది. మోటారు మెషిను ఒక్కటైనా పెట్టి వంతులవారీగా ఇవ్వాలి.

మగ్గానికీ ఇదే వరస. జైల్లో నేసేవి దుప్పట్లు, తివాచీలు. బరంపురం పట్టు భౌగోళిక గుర్తింపు ఉన్న చీర. కుంభం అంచు, అంటే గుడి ఆకారపు అంచు, నేయాలంటే గుంట మగ్గం మీద ఏళ్ల సాధన కావాలి. గంజాం కుర్రాళ్లు వెళ్లే సూరత్‌లో ఉన్నవి పవర్‌లూములు. అక్కడ కావలసింది తెగిన దారం చటుక్కున ముడివేయడం, నాలుగు మగ్గాల మీద ఒకేసారి కన్నేసి ఉంచడం. నేత నేర్పేవాళ్లు ఈ మూడింటిలో దేనికి తయారుచేస్తున్నారో ముందే తేల్చుకోవాలి.

తాపీపని ఈ వైపు ఏడాది పొడుగునా దొరికేది, సర్టిఫికెట్టు అడగనిది. రసమట్టం, గుండు పట్టడం, ఇటుక తడపడం, గోడ మూల లేపడం ఒక నెలలో చేతికొస్తాయి. కూలీని మేస్త్రీ చేసేది లెక్క. మధ్యలో సిమెంటు పొరతో కలిపి 20 × 10 × 10 సెంటీమీటర్ల ఇటుక ఘనమీటరుకి 500 పడుతుంది. 3 మీటర్ల పొడవు, 1 మీటరు ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం గోడంటే 0.6 ఘనమీటర్లు, 300 ఇటుకలు. అక్షరాస్యత క్లాసులో లెక్కలు ఇలాగే చెప్పాలి. నోటు పుస్తకంలో కూడికలకి కునికిపాట్లు పడేవాళ్లే ఇటుకల లెక్కకి ముందుకొచ్చి కూర్చుంటారు.

వెల్డింగులో మొదటి పాఠం సాధారణంగా 6 మిల్లీమీటర్ల ప్లేటు మీద 3.15 మిల్లీమీటర్ల రాడ్డుతో, 100 నుంచి 130 ఆంపియర్ల మధ్య. రాడ్డు మందమెంతో రాడ్డు కొనకీ ప్లేటుకీ మధ్య ఖాళీ అంతే ఉండాలి. తీరప్రాంతపు చెమ్మకి స్టోరులో రాడ్డు తడి పీల్చుకుని అతుకులో బుడగలు వస్తాయి. చెయ్యి కుదరలేదని కుర్రాణ్ణి తిట్టేముందు రాడ్డు ఆరబెట్టి చూడాలి. తేరుబలి, దామన్‌జోడి లాంటి చోట్ల పెద్ద కర్మాగారాల్లో కాంట్రాక్టు కూలీకైనా గేట్‌పాస్ కావాలి, దానికి పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. కేసు నడుస్తున్నవాళ్లు ముందు బజారులోని గ్రిల్లుల షాపుల్లో రెండేళ్లు చెయ్యి తిప్పుకోవడం నయం.

నేర్పకూడనిది ఒకటుంది. శిక్ష పడ్డవాళ్లకి సెక్యూరిటీ గార్డు కోర్సు. ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం, 2005 ప్రకారం కోర్టులో శిక్ష పడ్డ మనిషిని గార్డుగా పెట్టుకోవడానికి వీల్లేదు. చాలా శిక్షణ జాబితాల్లో ఈ కోర్సు ఉంటుంది కాబట్టి సీట్లు నింపడానికి ఖైదీలనూ చేర్చేస్తారు. నిర్దోషిగా బయటపడ్డవాళ్లకి ఈ అడ్డు లేదు. ఎలక్ట్రీషియన్ కోర్సు మంచిదే కానీ సొంతంగా వైరింగు చేయాలంటే రాష్ట్రపు పర్మిట్ కావాలి, లేదంటే హెల్పరుగానే ఉండిపోతారు.

లోపల ఎవరికి ఏ పని అన్నదానికి కులం ఆధారం కాకూడదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో తేల్చింది. వంట కొన్ని కులాలకి, ఊడ్పు, పాకీ పని కొన్ని కులాలకి అని జైలు మాన్యువళ్లలో ఉన్న నిబంధనలు చెల్లవంది, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. పని నేర్చుకోవడానికీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. అయిదేళ్లూ చీపురే పట్టినవాడు ఆ చీపురుతోనే బయటికొస్తాడు. వంటశాలలో రెండు వందల మందికి వండటం నేర్చినవాడికి ఏ హోటలైనా పని ఇస్తుంది. ఎవరి పేరు ఏ పనికి ఎందుకు రాశారో అడిగే హక్కు ఖైదీకి ఉంది.

ఆడవాళ్ల బ్యారక్‌లో ఆరేళ్లలోపు పిల్లలు తల్లితో ఉండొచ్చు. బిడ్డను చూసేవాళ్లు లేకపోతే తల్లి క్లాసుకి రాలేదు. ముందు ఆ ఏర్పాటు చేశాకే కోర్సు ప్రకటించాలి. అప్పడాలు, ఊరగాయలు బరంపురానికి పేరు తెచ్చినవి, వాటి వ్యాపారం ఇంటినుంచి నడుస్తుంది. అయితే ఆమె పొదుపు సంఘంలో సభ్యత్వం పోతే అప్పు పుట్టదు. ఇంటివాళ్లు నెలనెలా ఆమె పొదుపు కడుతూ ఉండటం ఏ కోర్సుకీ తీసిపోని సాయం.

చివరి తొంభై రోజులు

తేదీ తెలిసిన మనిషికి విడుదల పని మూడు నెలల ముందు మొదలవ్వాలి. మొదట జరిమానా చూడాలి. శిక్ష పూర్తయినా జరిమానా కట్టలేక ఆగిపోయేవాళ్లున్నారు. పేద ఖైదీల సహాయ పథకం కింద శిక్ష పడ్డవాళ్ల జరిమానాకి 25,000 రూపాయల దాకా, విచారణ ఖైదీల బెయిల్‌కి కూడా ఒక పరిమితి దాకా జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చు. గంజాయి కేసులకి ఇది వర్తించదు.

జామీనుదారు దగ్గర సరిహద్దు బిగుస్తుంది. మనిషి శ్రీకాకుళం జిల్లావాడు, కోర్టు గజపతి జిల్లాది. తెచ్చిన జామీనుదారు పొలం కాగితాలు తెలుగులో ఉంటాయి. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం తప్పని సుప్రీంకోర్టు 1978లోనే, మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో చెప్పింది. 2023 జనవరి 31 నాటి ఆదేశాల్లో మళ్లీ చెప్పింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలపాలని కూడా అందులోనే ఉంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఉచిత వకీలు హక్కు. నెంబరు 15100. ఎక్కడికి వెళ్లాలో కూడా తెలుసుకుని వెళ్లాలి. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురమే కానీ జిల్లా కోర్టు బరంపురంలో ఉంది. కోరాపుట్ జిల్లా కోర్టు జయపురంలో ఉంది. కూలి మానుకుని తప్పు ఊరికి వెళ్లొచ్చే కుటుంబాలు ఎన్నో.

బెయిల్ మీద వచ్చేవాళ్లకి పని ఎంచుకోవడం వేరే లెక్క. సూరత్ వెళ్లి రెండు వాయిదాలు తప్పితే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది, మళ్లీ లోపలికి. నేర్చుకున్న పని, కుదిరిన పని అన్నీ పోతాయి. వాయిదాకి ముందే వకీలు నాగరిక్ సురక్షా సంహిత 355వ సెక్షన్ కింద హాజరు మినహాయింపు అడగవచ్చు. వాయిదా దాటాక అడిగితే ఫలితం తక్కువ. కనీసం సాక్షుల విచారణ అయ్యేదాకా రైల్లో ఒక రాత్రి దూరంలోపు పని చూసుకోవడం మేలు. వైజాగ్ ఆ దూరంలోనే ఉంది.

‘ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?’

ఈ ప్రశ్నకి జవాబు లోపలే సాధన చేయాలి. చిన్న మేస్త్రీలు, షాపువాళ్లు ఫారం ఇవ్వరు, నోటితో అడుగుతారు. ఫారం మీద కేసుల గురించి గడి ఉంటే నిజమే రాయాలి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది అదే: నిజం చెబితే చిన్న కేసుల్ని యజమాని పట్టించుకోకుండా వదలవచ్చు, దాస్తే ఆ దాచడమే తీసేయడానికి కారణమవుతుంది. నిర్దోషి అయినవాళ్లు తీర్పు నకలు కోర్టు ముద్రతో తీసి దగ్గర పెట్టుకోవాలి. ప్రొబేషన్ మీద, అంటే జైలుకి పంపకుండా మంచి నడవడిక షరతుతో, విడుదలైనవాళ్లకి 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల అనర్హత అంటుకోదు. ఈ సెక్షన్ సంఖ్య తెలిసినవాళ్లు ఊరికొకరు కూడా ఉండరు, కాగితం మీద రాసి ఇచ్చి పంపాలి. 18 ఏళ్లలోపు జరిగిన కేసైతే బాలన్యాయ చట్టం 24వ సెక్షన్ సాధారణంగా ఇంకా పెద్ద రక్షణ ఇస్తుంది. గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్లకి మాత్రం పాస్‌పోర్టు చట్టం అడ్డొస్తుంది. నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో రెండేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడి ఐదేళ్లు కాకపోతే నిరాకరించవచ్చు, కేసు నడుస్తున్నా నిరాకరించవచ్చు.

సొంత పనికి కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో తాపీ, వడ్రంగి, కమ్మరి, దర్జీ, బుట్టలల్లేవాళ్లు సహా 18 వృత్తులున్నాయి. పనిముట్లకి 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో దినానికి 500, మొదటి విడత లక్ష అప్పు 5 శాతం వడ్డీకి. నమోదు సేవాకేంద్రంలో వేలిముద్రతో. మొదటి పరిశీలన పంచాయతీలో జరుగుతుంది, దరఖాస్తులు నిలిచిపోయేది అక్కడే. సర్పంచిని కలిసి ఒప్పించే పని విడుదలకు ముందే ఇంటివాళ్లో, న్యాయసేవాధికార సంస్థ తరఫున సాయపడే పారా లీగల్ వాలంటీరో చేయాలి. మహారాష్ట్రలో సహకార బ్యాంకు ఖైదీలకే, లోపల ఉండగానే, కూలి ఆదాయం చూసి 50,000 దాకా అప్పిచ్చే జివ్హాళా పథకం 2022లో మొదలైంది. ఒడిశాలో జైలు కూలి ఖాతాల్లోనే పడుతుంటే ఇలాంటిది ఇక్కడా ఎందుకు కుదరదని అడగాలి.

జైలు కూలిని లోపల క్యాంటీన్లో ఖర్చు పెట్టేయకుండా కొంత మిగల్చడం ఎందుకంటే, బయట మొదటి కూలి చేతికి రావడానికి నెలపైన పడుతుంది. మేస్త్రీ వారం బాకీ పెట్టుకునే ఇస్తాడు, షాపులో నెల నిండాకే లెక్క. ఆ నెల అద్దె, తిండి, రెండు వాయిదాల బస్సు చార్జీ, సిమ్, ఫొటోలు, జిరాక్సులు కలిపి ఎంతవుతుందో విడుదలకు ముందే ఆ మనిషి చేతే, తన లిపిలో, తన చేతిరాతతో లెక్క రాయించాలి.